మసక వెనక ఏముంది?

చిరంజీవి చిట్టికి, నాన్న గుండెనిండా దీవెనలతో రాస్తున్న ఉత్తరం.

ఇక్కడ నేనూ మీ అమ్మా క్షేమం. నువ్వూ క్షేమమేనని నీ ఉత్తరం చెబుతోంది గానీ, దాంతోపాటు వచ్చిన ఫొటో చెప్పడం లేదు. ఆ సంగతికి తర్వాత వస్తాను. ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు రాసేస్తాను, లేకపోతే ఈ సంతోషంలో మరిచిపోతాను. అవునే తల్లీ, సంతోషమే. ఎందుకో చెబుతాను, తొందరపడకు.

నా మోకాలు బాగానే ఉంది. మెట్లు ఎక్కేటప్పుడు తిడుతుంది, దిగేటప్పుడు ఊరుకుంటుంది. మీ అమ్మ కళ్లజోడు మార్చింది. అప్పట్నుంచి ఇంట్లో ప్రతి మూలా దుమ్మే కనబడుతోంది ఆవిడకి. నా మొహం కేసి చూసి "ఇన్ని ముడతలు ఎప్పుడొచ్చాయండీ మీకు?" అని అడిగింది. రాత్రికి రాత్రే వచ్చాయన్నాను.

ఇక కెమెరా క్లాసు. నువ్వు నీ పాత కెమెరా నా చేతిలో పెట్టి "షెడ్డు అమ్మేశావుగా నాన్నా, ఊరికే కూర్చోకు" అన్నప్పుడు నవ్వాను గుర్తుందా? జీవితమంతా స్కూటర్లు విప్పి బిగించినవాడికి ఈ సున్నితమైన వస్తువేమిటనుకున్నాను. ఇప్పుడు అది లేకుండా గుమ్మం దాటడం లేదు. లైబ్రరీ మేడమీద ప్రతి ఆదివారం క్లాసు. చెప్పే పంతులమ్మకి నీ వయసే ఉంటుంది. నన్ను "అంకుల్, మీరు మరీ ఎక్కువ ప్రశ్నలు వేస్తారు" అంటుంది. వెయ్యనా మరి?

లెన్సు లోపల ఒక రంధ్రం ఉంటుందట, మనం పెంచుకోవచ్చు, తగ్గించుకోవచ్చు. అంకె పెరిగితే రంధ్రం చిన్నదవుతుంది. నాకు ఒళ్లు మండింది. స్పానర్‌కి అంకె పెద్దదైతే నోరు పెద్దది, ఇక్కడ తలకిందులేమిటి? సరే, నేర్చుకున్నాను. రంధ్రం బాగా తెరిస్తే ఎదురుగా ఉన్న మనిషి ఒక్కరే స్పష్టంగా పడతారు, వెనకున్నదంతా పొగమంచులా కరిగిపోతుంది. చిన్నది చేస్తే ముందున్నదీ వెనకున్నదీ అన్నీ స్పష్టమే. కాకపోతే వెలుతురు తక్కువ వెళుతుంది కాబట్టి చెయ్యి కదలకూడదు. నేను కెమెరాని గోడకో, స్తంభానికో ఆనించి తీస్తాను.

మొదటిసారి మీ అమ్మని తీస్తే ముక్కు మాత్రం స్పష్టంగా వచ్చింది, మిగతాదంతా మబ్బు. అది చూసి ఎంత గొడవ చేసిందనుకున్నావు!

"నా చెవులేవండీ? కమ్మలు పెట్టుకుని మరీ కూర్చున్నానే!"

"ఉన్నాయే, మసకలో ఉన్నాయి."

"డబ్బిచ్చి నేర్చుకుంటున్నది ఉన్నవాటిని మాయం చెయ్యడమా?"

ఆ మాట నా బుర్రలో పడింది చిట్టీ. ఉన్నవాటిని మాయం చెయ్యడం. అప్పుడు లేచి వెళ్లి నీ ఫొటోలన్నీ తీసి మంచం మీద పరిచాను.

నువ్వు ఉద్యోగంలో చేరిన కొత్తలో పంపిన ఫొటోల్లో అన్నీ కనబడతాయి. నీ బల్ల, కంప్యూటరు, కిటికీ, పక్క కుర్చీలో నిద్రపోతున్న ఒకాయన. వేసవి తర్వాత వచ్చినవాటిలో నువ్వొక్కదానివే ఉన్నావు. వెనకంతా మసక. మునుపైతే నా కూతురు ఎంత అందంగా పడిందో అని మురిసిపోయి ఊరుకునేవాణ్ణి. ఇప్పుడు తెలిసినవాణ్ణి కదా. మసక దానంతటది రాదు, ఎవరో రంధ్రం తెరవాలి. ఎవరు తెరిచారు? ఎందుకు తెరిచారు? నా కూతురు నాకు కనబడకుండా దాస్తున్నదేమిటి?

ఫోన్ చేస్తే వెనక టకటకమని ఒకటే చప్పుడు. "ఆఫీసులో తలుపులు బాగుచేస్తున్నారు నాన్నా" అన్నావు. అన్ని నెలలు బాగుచెయ్యడానికి అదేమన్నా కోటా? మీ అమ్మతో అంటే "దాని ఆఫీసు, దాని తలుపులు, మీకెందుకు?" అని లోపలికి వెళ్లిపోయింది. అంత తొందరగా ఎందుకు వెళ్లిపోయిందో కూడా నాకు అనుమానమే.

భూతద్దం పెట్టి చూశాను. నీ భుజం వెనక గోడ మీద వెండిరంగు గీతలు, నిలువుగా, వరసగా. ఆసుపత్రి మంచం కమ్మీలనుకున్నాను. అనుకున్నాక అన్నం సయించలేదు. మా క్లాసులో ఒక రిటైరయిన కాంపౌండరు ఉన్నాడు. ఆయన్ని బతిమాలి ఆసుపత్రికి వెళ్లి, ఖాళీ మంచం ముందు ఆయన్నే కూర్చోబెట్టి, రంధ్రం పూర్తిగా తెరిచి తీశాను. "నేను బతికుండగానే ఈ మంచం ముందు ఫొటో ఎందుకయ్యా?" అని ఆయన గోల. కమ్మీలన్నీ ఒకే ఎత్తున వచ్చాయి. నీ వెనకున్న గీతలు అలా లేవు, మెట్లలా దిగుతున్నాయి. ఒకటి పొడుగు, దాని పక్కది కాస్త పొట్టి, ఆ పక్కది ఇంకా పొట్టి. ఆసుపత్రి కాదు. ఆ పూట కడుపునిండా తిన్నాను.

మరేమిటి? మీ అమ్మ గరిటెలన్నీ గోడకి తగిలించి, ముందు ఆవిడని నిలబెట్టి తీశాను. గరిటెల తలలు గుండ్రంగా మెరిశాయి, నీ గీతలకి తలలు అలా లేవు. పిల్లనగ్రోవులా? నువ్వు ఈల కూడా సరిగ్గా వెయ్యలేవు. అలా ఆలోచిస్తూ ఆలోచిస్తూ మన పాత షెడ్డుకి వెళ్లాను. కొన్నాయన మంచివాడు, నా స్పానర్ల బోర్డు తీసెయ్యకుండా ఉంచాడు. ఆయన్ని ముందు నిలబెట్టి తీసి చూసుకున్నాను. అదే వెండి, అదే సన్నం, అవే మెట్లు! కానీ మెట్లు ఎడమనుంచి కుడికి దిగుతున్నాయి. నీ ఫొటోలో కుడినుంచి ఎడమకి.

అక్కడే ఆయిలు డబ్బా మీద కూలబడ్డాను తల్లీ.

అందరూ పెద్ద స్పానరు ఎడమవైపు మొదలుపెట్టి, చిన్నవి కుడివైపుకి వచ్చేలా తగిలిస్తారు. కొన్నాయన కూడా నా బోర్డుని అలా మార్చుకున్నాడు. మనిద్దరం ఎడమచేతివాళ్లం కాబట్టి మన బోర్డు ఎప్పుడూ తిరగేసే ఉండేది. "గురువుగారూ, మీ గోడని అద్దంలో చూడాలండీ" అని మెకానిక్కులందరూ నన్ను ఏడిపించేవాళ్లు. నీ ఫొటోయే తిరగేసి ప్రింటు వేశారేమోనని అదీ చూశాను. నీ పుట్టుమచ్చ ఎడమ బుగ్గమీదే ఉంది. అంటే బోర్డు నిజంగానే తిరగేసి ఉంది. అంటే నువ్వు ఎవరి షెడ్డుకో వెళ్లి ఫొటో దిగలేదు. ఆ స్పానర్లు తగిలించింది నువ్వు.

ఇంటికొచ్చి మీ అమ్మ ముందు ఫొటోలు పెట్టాను. "ఇదేమిటి?" అన్నాను.

"ఫొటో."

"వెనక?"

"మసక."

"మసక వెనక?"

ఆవిడ కళ్లజోడు తీసి కొంగుతో తుడుచుకుంది. "తెలిసిపోయిందన్నమాట. నేనే చెప్పాను దానికి, వెనక గోడ కనబడకుండా తియ్యమని. తీసేది దాని గదిలో ఉండే నర్సమ్మాయి. మీరు మళ్లీ వేరే అనుమానం పెట్టుకోకండి" అంది.

నెలల తరబడి నా పక్కనే కూర్చుని నన్ను ఇలా ఆడించింది! కోపం రావాలి. రాలేదు. నేను బండి బాగుచేయించుకోవడానికి వచ్చిన ప్రతివాడితో "మా అమ్మాయి చేతికి గ్రీజు అంటదండీ, చల్లటి గదిలో కుర్చీలో కూర్చుంటుంది" అని చెప్పుకునేవాణ్ణట. ఆ కుర్చీ వదిలేశావని తెలిస్తే నేను మంచం పడతానని నీ భయమట. మంచం పడతానా! ఎగిరి గంతేశాను. గంతేశాక మోకాలు గుర్తొచ్చింది. నా కూతురు నా పని చేస్తోంది, నా చేతివాటంతో చేస్తోంది! వీధిలో కనబడినవాళ్లందరికీ చెప్పాను. పాలవాడికి రెండుసార్లు చెప్పాను.

ఇప్పుడు అసలు మాట. ఇది మీ అమ్మకి కూడా తెలియదు. పోయిన ఆదివారం మా క్లాసువాళ్లందరూ చెరువు దగ్గర కొంగల ఫొటోలు తియ్యడానికి వెళ్లారు. నేనూ వెళ్తున్నానని ఇంట్లో చెప్పి, బస్సెక్కి మీ ఊరు వచ్చాను.

నీ షెడ్డు బస్సు డిపో వెనక, రంగులద్దే దుకాణం పక్కన అని మీ అమ్మ నోరుజారింది. సులభంగానే దొరికింది. ఎదురుగా ఉన్న జిరాక్సు షాపు అరుగు మీద, స్తంభం చాటున కూర్చున్నాను. వీధి ఇరుకు కదా, అన్నీ వినబడుతున్నాయి. ఒకాయన స్కూటరు తోసుకుంటూ వచ్చాడు.

"మెకానిక్ లేడామ్మా?"

"నేనేనండీ. స్టాండు వెయ్యండి."

"నువ్వా? మగవాళ్లెవరూ లేరా?"

"మీరున్నారుగా. కాస్త ఇటు తొయ్యండి బండిని."

నోరు మూసుకుని నవ్వాను. కళ్లలో నీళ్లొచ్చాయి. పిలుద్దామనుకున్నాను. నువ్వు అప్పటికే కార్బురేటరు విప్పేశావు. విప్పినవాళ్లని పలకరిస్తే ఒక వాషర్ పోతుంది, నాకు తెలుసు. అందుకని పిలవలేదు. కెమెరాని స్తంభానికి ఆనించి, రంధ్రాన్ని బాగా చిన్నది చేసి, నీ ఎడమచేతి మీద ఫోకస్ పెట్టి, ఊపిరి బిగబట్టి ఒక్కటి తీశాను. నీకు చెప్పకుండా ఫొటో తీశాను, చెప్పకుండా తిరిగొచ్చేశాను. ఇంట్లో మీ అమ్మ "కొంగలేవండీ?" అంటే "ఎగిరిపోయాయి" అన్నాను. నమ్మినట్టు లేదు.

ఆ ఫొటో ఈ ఉత్తరంలో పెట్టాను, చూడు. ఎక్కడా మసక లేదు. నీ చెయ్యి, నేలమీద నూనె మరకలు, బోర్డు మీద ప్రతి స్పానరూ, పైన నీ షెడ్డు పేరు, నోరు తెరుచుకుని చూస్తున్న ఆ స్కూటరాయన, అన్నీ ఉన్నాయి. పంతులమ్మ చూసి "అంకుల్, ఇది గోడకి తగిలించుకోవలసిన ఫొటో" అంది.

పెద్దది చేయించాను. చేయించాక, ఆ రోజు నా కంటికి అందనిది ఒకటి కనబడింది. నువ్వు వీధికి వీపు పెట్టి కూర్చున్నావు కదా. ఆ స్కూటరు అద్దం మాత్రం వీధివైపు తిరిగి ఉంది. అందులో నీ మొహం ఉంది. నీ కళ్లు సూటిగా నా లెన్సులోకి చూస్తున్నాయి. అద్దంలో నీ కళ్లు నాకు కనబడ్డాయంటే, నేనూ నీకు కనబడాలి. నలభై ఏళ్లు స్కూటరు అద్దాలు బిగించినవాణ్ణి, నాకు చెప్పకు. నువ్వు నన్ను చూశావు. చూసి, తల తిప్పకుండా పని చేసుకున్నావు. పైగా మీ అమ్మ నోట కొంగల మాట విని, "చెరువు దగ్గర కొంగలు బాగా పడ్డాయా నాన్నా?" అని మొన్న ఫోనులో అడిగావు!

ఇంకేమీ అడగను తల్లీ. అద్దంలో నువ్వు నవ్వుతున్నావు. అది ఆ స్కూటరాయన్ని చూసి వచ్చిన నవ్వా, నన్ను చూసి వచ్చిన నవ్వా? ఒక్కదానికి నిజం రాయి.

ఇట్లు,
నిన్ను చూసుకుని మురిసిపోతున్న, అయినా నీ మాట ఇంకా పూర్తిగా నమ్మని
మీ నాన్న