దుప్పటి రెండో కొస

ఆగస్టు 9, ఆదివారం

అక్కకు,

నమస్కారం. ఇక్కడ అమ్మా నేనూ బాగానే ఉన్నాం. అక్కడ నువ్వూ బావగారూ క్షేమమనీ, చిన్నదాని దగ్గు తగ్గిందనీ తలుస్తాను. నువ్వు కూడబలుక్కుంటూ చదువుతావని అక్షరాలు పెద్దవిగా, విడివిడిగా రాస్తున్నాను. ఇది ఎత్తిపొడుపు కాదు. సరే, కొంచెం అవును.

నిన్న అమ్మమ్మ సంస్మరణ సభలో నేనింకా చదువుతుండగానే లేచి వెళ్లిపోయావు. టీ కూడా తాగలేదు. బస్సుకు టైమైందేమోలే అంది అమ్మ. నీ బస్సు ఆరింటికని నాకు తెలుసు. అప్పటికి మూడు కూడా కాలేదు.

ఆ మాట అడగడానికే ఈ ఉత్తరం.

ఆసుపత్రి లాండ్రీలో అమ్మమ్మ పనిచేసిన గదిలోనే కుర్చీలు వేశారు. ఇస్త్రీ బల్ల మీద ఆమె ఫోటో పెట్టారు. ముప్పై ఒక్క ఏళ్లు ఆ బల్ల పక్కన నిలబడిన మనిషి నిన్న మొదటిసారి దాని మీద తీరిగ్గా కూర్చున్నట్టు అనిపించింది. మన ఇంట్లో చదువుకున్నది నేనొక్కదాన్నే కాబట్టి ఆమె గురించి రాసి చదివే పని నాకే అప్పగించారు. రెండు పేజీలు రాశాను. ఇద్దరు కూతుళ్లను ఒంటి చేత్తో పెంచిందని రాశాను. పెద్దమ్మ పోయాక నిన్ను తెచ్చుకుని, నాతోపాటే సాకిందని రాశాను. చివర్లో వాన సంగతి రాశాను. జ్వరంతో కాలిపోతున్న ఏడేళ్ల నన్ను భుజాన వేసుకుని, నాకు దుప్పటి కప్పి, తాను తడుస్తూ ఆసుపత్రి దాకా నడిచిన సంగతి. అక్కడ చాలామంది కళ్లు తుడుచుకున్నారు. సరిగ్గా అక్కడే నువ్వు లేచావు.

నీకు కుళ్లు అనుకున్నాను. అందరూ నన్ను మెచ్చుకుంటుంటే ఓర్వలేకపోయావని బస్టాండు దాకా వచ్చి కడిగేద్దామనుకున్నాను. అమ్మ ఆపింది.

అక్కా, అసలు కుళ్లుకోవలసింది ఎవరు? చెప్పు.

పదిహేనో ఏట నువ్వు అమ్మమ్మతో పనికి వెళ్లడం మొదలుపెట్టావు. బడి వదలగానే నేను అక్కడికే వచ్చి, మూలన స్టూలు మీద కూర్చుని చదువుకునేదాన్ని. మీరిద్దరూ దుప్పట్లు మడతపెట్టేవాళ్లు. ఒక కొస ఆమెది, ఒక కొస నీది. లాగి, దులిపి, ఒకరికొకరు ఎదురు నడిచి, కొసలు కలిపి, మళ్లీ వెనక్కి. దగ్గరికొచ్చిన ప్రతిసారీ ఆమె నీ చెవిలో ఏదో అనేది. వెనక్కి నడుస్తూ నువ్వు నవ్వేదానివి. రోజుకు ఎన్ని దుప్పట్లో, అన్ని మాటలు! ఏంటే ఆ నవ్వు అని అడిగితే, "ఏం లేదులే పంతులమ్మా, నువ్వు చదువుకో" అనేదానివి. నేనూ ఒక కొస పట్టుకుంటానని లేస్తే అమ్మమ్మ, "నీకెందుకమ్మా ఈ చాకిరీ, కూర్చో" అనేది. ఆ స్టూలు మీద నేనెన్ని పాఠాలు బట్టీ పట్టానో నాకు గుర్తులేదు. మీరు నవ్విన నవ్వులు మాత్రం అన్నీ గుర్తున్నాయి.

నువ్వు వెళ్లాక ఇస్త్రీ అత్త లేచింది. అదే, అమ్మమ్మ పక్క బల్ల ఆవిడ. మీ అమ్మమ్మకు చదువు రాదుగా, వార్డు నంబర్లు ఎర్రదారంతో బొమ్మలు కుట్టినట్టు కుట్టేది అని మొదలుపెట్టింది. ఒకసారి పిల్లల వార్డు దుప్పట్ల కట్టంతా తిరగేసి పట్టుకుని ఆరుకు బదులు తొమ్మిది కుట్టేసిందట. అవన్నీ మగవాళ్ల వార్డుకు పోయాయట. పొద్దున్నే డాక్టరు వచ్చి చూస్తే వరసగా మోకాళ్ల దాకా బయటికొచ్చిన కాళ్లేనట. "ఏంటమ్మా, నా పేషెంట్లంతా రాత్రికి రాత్రే ఇంతింత పొడుగయ్యారు?" అన్నాడట. గది గదంతా పగలబడి నవ్వింది. నేను నోరు తెరుచుకుని కూర్చున్నాను. "అదేంటే, మీ అక్కకు వందసార్లు చెప్పిందిగా, నీకు తెలీదా?" అంది ఇస్త్రీ అత్త. తెలుసన్నట్టు తల ఊపాను. నా ఒళ్లంతా భగ్గుమంది.

నేను రాసిన రెండు పేజీలు ఎవరి అమ్మమ్మ గురించైనా చదవొచ్చు అక్కా. కష్టపడింది, పెంచింది, ప్రేమించింది. అంతే. ఆమె ఎవరిని వెక్కిరించేదో, దేనికి భయపడేదో, మన తాత ఉన్నన్నాళ్లూ ఆయనతో ఎలా పోట్లాడేదో నాకు తెలీదు. నాకు కలం ఇచ్చింది. రాయడానికి కావలసిందంతా నీకిచ్చింది. పాతికేళ్లు ఒకే ఇంట్లో ఉండి నాకొక్క కథ చెప్పలేదు. అంతా నువ్వే దోచుకున్నావు.

ఇప్పుడు ఇస్త్రీ అత్త ఆ పేజీలకు ఫ్రేము కట్టించి లాండ్రీ గోడకు తగిలిస్తానంటోంది. రేపు పొద్దున తీసుకురమ్మంది. నువ్వు ఎందుకు లేచి వెళ్లావో నాకు రాయి. నాలుగు ముక్కలైనా చాలు. తప్పులున్నా నేను దిద్దను.

అమ్మ నిన్ను అడిగినట్టు చెప్పమంది. పిల్లలకు నా ముద్దులు.

ఇట్లు,
నీ చెల్లెలు

తా.క. ఉత్తరం మడిచి కవరులో పెట్టి మళ్లీ తీశాను. నువ్వెందుకు వెళ్లావో నాకు తెలుసు. వానలో అమ్మమ్మ భుజం మీద ఉన్నది తొమ్మిదేళ్ల నువ్వు. నేను ఇంట్లో కిటికీ దగ్గర కూర్చుని మీరిద్దరూ వెళ్లడం చూశాను. చూస్తూ, నాకూ జ్వరం వస్తే బాగుండుననుకున్నాను. సాయంత్రం ఆమె ఒళ్లంతా నీళ్లు కారుతూ వచ్చి నా పక్కన కూలబడింది. "మీ అక్కను ఎలా మోసుకెళ్లానో తెలుసా..." అని మొదలుపెట్టింది. "జరుగు అమ్మమ్మా, పుస్తకం తడుస్తుంది, రేపు పరీక్ష" అన్నాను. ఆమె జరిగింది. ఆ తర్వాత నాకు ఏ కథా మొదలుపెట్టలేదు. నువ్వు దోచుకున్నదేమీ లేదు.

రేపు లాండ్రీకి వెళ్లి అందరి ముందూ ఈ మాట చెప్తాను. నిన్న నువ్వు ఒక్క మాట అంటే చాలు, అంతమందిలో నా తల తెగిపడేది. అనలేదు. చెప్పులు చప్పుడు కాకుండా వెళ్లిపోయావు. అలా వెళ్లడం అమ్మమ్మే నేర్పి ఉంటుంది. అది కూడా నీకే నేర్పింది.