నొప్పి తెలియని వేళ్లు

అక్కా, అక్షరాలు వంకరపోయాయని కంగారుపడకు, ఎడంచేత్తో రాస్తున్నాను. పోయిన నెల మా టైలరు కొట్లో నిలువుటద్దం పగిలి కుడి మణికట్టు దగ్గర నరం తెగితే డాక్టరు కుట్టేశాడు. "తెగినచోటి నుంచి నరం వేళ్లదాకా మళ్లీ పెరగాలి, అది నత్తనడకే, అందాకా ఆ వేళ్లకు స్పర్శ ఉండదు" అన్నాడు. నిన్న అలవాటుకొద్దీ ఇస్త్రీపెట్టె వేడెక్కిందా అని ఆ చేతి వేలితో తాకాను. చురుక్కుమనకపోతే ఇంకా కాలలేదనుకుని వేలు అలాగే ఆనించి ఉంచాను. కమురువాసన వచ్చాక చూస్తే బొబ్బెక్కింది. వేళ్లకు సూది తెలియని దర్జీని ఎవరు ఉంచుకుంటారు? అదే దిగులు. బావ కోటు ఇప్పుడే పంపకు. పాప దగ్గు తగ్గిందా? అమ్మ ఎప్పుడూ నాకు ఏ నొప్పీ రాకూడదని దేవుణ్ణి అడుగుతుంది కదా, ఈసారి ఆ వేళ్లకు తొందరగా నొప్పి పుట్టించమని అడగమను.

నీ తమ్ముడు