స్టెప్నీ ముందుకు మార్చాను

క్వార్న్,
ఏప్రిల్ 9, బుధవారం.

గౌరవనీయులైన నెవిల్ బావగారికి,

మీ మరదలు గ్లెనిస్ నమస్కారాలు. ఇక్కడ నేనూ మీ తమ్ముడూ కులాసా. పోర్ట్ అగస్టాలో మీరూ ఐరిస్ అక్కా కూడా కులాసాగా ఉన్నారనుకుంటాను. అక్క మోకాలి నొప్పి తగ్గిందో లేదో రాయమనండి. ఇక్కడ చినుకు లేదు. కోళ్ళు మాత్రం మళ్ళీ గుడ్లు పెడుతున్నాయి.

మర్యాదలు అయ్యాయి కాబట్టి అసలు సంగతికి వస్తాను. మీ ఉత్తరం సోమవారం అందింది. మా క్యాంపర్‌కి మంచి బేరం కుదిర్చానని, శనివారం పదింటికి ఒకాయన వచ్చి దాన్ని కారుకి తగిలించుకుపోతాడని, కాగితాలు సిద్ధంగా పెట్టుకోమని రాశారు. ఇద్దరు పడుకునే మంచం, వెనక తలుపెత్తితే వంటగట్టు, అంతేగదమ్మా అది, దానికోసం మా తమ్ముడి ప్రాణం మీదికి తెస్తావా అని కూడా రాశారు. ఆ బండి అమ్మకానికి లేదు బావగారూ. శనివారం పదింటికి అది మా వాకిట్లో ఉండదు. శుక్రవారం తెల్లారగానే నా కారు వెనక లీ క్రీక్ దారి పడుతుంది. నడిపేది నేను.

పదకొండు నెలలు కుక్కిన పేనులా పడి ఉన్నాను. హాకర్ ఊరు దాటాక ఆ పల్లంలో క్యాంపర్ తోకాడించి, పక్కకి దొర్లి, కారుని కూడా కాలవలోకి లాగి, మీ తమ్ముడి భుజం విరగ్గొట్టిన రోజు నుంచి మీరు అననిది లేదు. క్రిస్మస్ భోజనాల దగ్గర చల్లటి హామ్ మాంసం కోస్తూ, స్టీరింగు ఆడదాని చేతికిస్తే భుజం ఎముక మగాడిది విరుగుతుంది అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వినట్టే ముఖం పెట్టి బంగాళాదుంపలు వడ్డించాను. బంతులాడే మీ బౌల్స్ క్లబ్బులో అయితే ఉప్పుడబ్బాని కారు చేసి, మిరియాల డబ్బాని క్యాంపర్ చేసి, ఇదిగో ఇక్కడ ఊగింది, ఇదిగో ఇక్కడ మా మరదలు బ్రేకు తొక్కింది అంటూ బల్ల మీద దొర్లించి చూపించారట. ఊరందరికీ ఆ ఆట నోటికొచ్చు. మొన్న కిరాణా కొట్టులో నేను తోపుడు బండి తిప్పుతుంటే, జాగ్రత్త గ్లెనిస్, పల్లం ఉంది అన్నాడొకడు.

ఆ రోజు నడిపింది నేనేనని చెప్పాను. చెప్పిన మాట మీదే ఉంటాను. కళ్ళు మసకబారాయి, ఇక స్టీరింగు ముట్టొద్దని డాక్టరు మీ తమ్ముడికి చెప్పి రెండేళ్ళయింది, కాబట్టి ఈ ఇంటికి డ్రైవరు నేనే. కానీ బండి దొర్లింది నడిపినవాళ్ళ చేతకానితనం వల్ల కాదు. అది మాత్రం ఇకమీదట ఒప్పుకోను. ఆడలేక మద్దెల ఓడంటోందని మీరు అంటారని తెలుసు. మద్దెల నిజంగానే ఓడు. దాన్ని బిగించింది మీరు.

కోపం తెచ్చుకోకుండా చివరిదాకా చదవండి. క్యాంపర్ కొన్న కొత్తలో మీరే వచ్చి రెండు రోజులు కష్టపడ్డారు. నేను కాదనను. స్టెప్నీని వెనక బంపరుకి, వంటగట్టు తలుపుకి అడ్డం రాకుండా పక్కకి తిరిగే ఇనుప చెయ్యి పెట్టి బిగించారు. ఫ్రిజ్‌కి వైరు దగ్గరవుతుందని బ్యాటరీని కూడా వెనకే, వంటగట్టు కింద పెట్టారు. ముందు పెడితే కారు చక్రాల రాళ్ళు తగులుతాయన్నారు. అన్నీ అయ్యాక క్యాంపర్ ముక్కుని, అదే కారుకి తగిలించే కొసని, ఒంటివేలితో పైకెత్తి చూపించారు. చూశావా గ్లెనిస్, దూదిపింజ, మా తమ్ముడి నడుం ఇక ఎప్పుడూ పట్టదు అన్నారు. క్లబ్బు మిత్రులు వరసగా వచ్చి వేలితో ఎత్తి చూసి మీ భుజం తట్టారు. నేను అందరికీ బీరు పోశాను. నాకూ గొప్పగానే అనిపించింది.

ఆ ఒంటివేలే మా కొంప ముంచింది.

ఈ సంగతి నాకు ఫిబ్రవరిలో తెలిసింది. బండి కొన్నప్పుడిచ్చిన పుస్తకం ఎవరూ తెరవలేదు. మీరుండగా పుస్తకం దేనికని. మొత్తం బరువులో పదోవంతైనా ముక్కు మీద పడాలని, లేకపోతే పల్లంలో వేగం పెరిగేసరికి తోక ఊగడం మొదలెడుతుందని అందులో బొమ్మ వేసి మరీ ఉంది. గోధుమల లారీలు తూచే కాటా దగ్గరికి తీసుకెళ్ళి క్యాంపర్‌ని తూయించాను. ఏడు వందల కిలోలు. ఇంటికొచ్చి, మా బాత్రూములో నేను రోజూ ఎక్కి తిట్టుకునే కాటాని చెక్కదిమ్మ మీద పెట్టి, ముక్కుని దాని మీద ఆనించాను. ఇరవై నాలుగు. డెబ్బై ఉండాల్సిన చోట ఇరవై నాలుగు, బావగారూ. కాటా పాడైందేమోనని నేను ఎక్కి చూశాను. పాడవలేదు, అది వేరే బాధ.

వెల్డింగ్ షాపు బర్నీ దగ్గరికెళ్ళి స్టెప్నీ ముందుకు మార్చమంటే, నెవిల్ చేసిన పని నేను విప్పను తల్లీ, క్లబ్బులో నాకు కుర్చీ ఉండదు అన్నాడు. సరే నీ కుర్చీ నువ్వుంచుకో అని వచ్చేశాను. గొర్రెల ఫారంలో పుట్టినదాన్ని, పదేళ్ళకే గాలిమర ఎక్కి బోల్టులు బిగించినదాన్ని. వెల్డింగు లేకుండానే ముందు కడ్డీలకి యు-బోల్టులు వేసి, స్టెప్నీని నిలువుగా నిలబెట్టాను. ఒక నట్టుకి తాళం, పైన ఒక గొలుసు. బ్యాటరీకి మీరు వేసిన సాగే తాడు తీసి పారేశాను. గతుకుల రోడ్డు మీద అంత బరువుని రబ్బరు తాడు ఏం పట్టుకుంటుంది. ఇప్పుడది ముందువైపు మూతపెట్టెలో, ఇనుప పట్టీ కింద, నేను రెండు చేతులతో లాగినా కదలకుండా ఉంది. దాని పక్కనే ఫ్యూజు. రాళ్ళు తగులుతాయన్న మీ మాట నిజమే కాబట్టి, క్వారీవాళ్ళు పారేసిన రబ్బరు బెల్టు ముక్క కోసి ముందు పరదాలా వేలాడదీశాను. మళ్ళీ కాటా పెట్టాను. డెబ్బై అయిదు. ఇప్పుడు ఒంటివేలితో ఎత్తబోతే వేలే విరుగుతుంది.

మీ తమ్ముడు పక్కన నిలబడి స్పానర్లు అందించాడు. డెబ్బై అయిదు అని నేను చదివితే, మళ్ళీ చదువు అన్నాడు. మళ్ళీ చదివాను. స్పానర్లు కింద పెట్టి ఇంట్లోకి వెళ్ళిపోయాడు. కాలవలో పడ్డ రోజు నుంచి ఆయన క్యాంపర్ తగిలించిన కారు ఎక్కలేదు. నేను తప్ప ఎవరూ నడపరు కదా, భయమేమిటి అంటే తల దించుకుంటాడు. మీ మాటలు ఆయనలోకి అంతగా దిగాయి. అందుకు మాత్రం మిమ్మల్ని క్షమించడం నాకు కష్టంగా ఉంది.

పోయిన శుక్రవారం ఒక్కదాన్నే వెళ్ళాను. అదే దారి, అదే పల్లం. తొంభై మీద దిగుతుంటే ఎదురుగా మూడు బోగీల లారీ వచ్చింది. భయం వేసింది, దాచుకోను. లారీ గాలి కొట్టింది. వెనక క్యాంపర్ ఒక్కసారి భుజం విదిల్చి, మళ్ళీ బుద్ధిగా వెంట వచ్చింది. కింద బండి ఆపి, నట్లన్నీ చేత్తో తడిమాను. ఒక్కటీ వదులవలేదు. అక్కడే రోడ్డు పక్కన టీ కాచుకుని, కాలవకేసి చూస్తూ మొత్తం తాగాను.

కాబట్టి శనివారం వచ్చే పెద్దమనిషిని రావద్దనండి. క్లబ్బులో ఉప్పుడబ్బా ఆట ఇక ఆడొద్దు. ఆడాలనిపిస్తే, మిరియాల డబ్బా వెనక ఒక రాయి కట్టి ఆడండి, నిజం కనిపిస్తుంది. మీ మీద నాకు గౌరవం లేక కాదు ఇలా రాస్తున్నది. మీరు ప్రేమతోనే చేశారు. ప్రేమతో చేసినా తప్పు తప్పే, దాన్ని నేను మోయను. మీ తమ్ముడు వస్తే ఇద్దరం వెళ్తాం, రాకపోతే ఒక్కదాన్నే వెళ్తాను.

ఐరిస్ అక్కకి ముద్దులు.

ఇట్లు,
ఎవరి అనుమతీ అడగని మీ మరదలు,
గ్లెనిస్.

తా.క. అన్నయ్యా, ఇది క్లైవ్ రాత. అక్షరాలు పెద్దవిగా ఉంటాయి, ఏమనుకోకు. గ్లెనిస్ నీళ్ళ డబ్బాలు నింపడానికి బయటికెళ్ళింది. ఉత్తరం బల్ల మీద ఉంటే భూతద్దం పెట్టి మొత్తం చదివాను. ఆ రోజు నడిపింది నేను. హాకర్ దాటాక ఈ ఒక్క పల్లం నన్ను నడపనివ్వు అని బతిమాలి స్టీరింగు తీసుకున్నాను. ఆమె మూడుసార్లు వద్దంది. బండి ఊగింది నువ్వు బిగించిన స్టెప్నీ వల్లే, కానీ బ్రేకు తొక్కింది నేను. కాలవలో కూర్చుని, నలభై ఏళ్ళు లారీ తోలినవాడివి, మీ అన్న ముందు నీకీ తలవంపులు వద్దు, నేనని చెబుతాలే అంది. నేను వద్దనలేదు. క్రిస్మస్ రోజు నువ్వు ఆ మాట అన్నప్పుడు నీకు ఆవముద్ద గిన్నె అందించింది నేనే. క్లబ్బులో ఈ సంగతి నువ్వు చెప్పు, నువ్వు చెప్పకపోతే నేనొచ్చి చెబుతాను. శుక్రవారం పొద్దున నేను ఆమె పక్క సీట్లో ఉంటాను. నేను రాసింది ఆమె చూస్తే చింపేస్తుంది, అందుకే కవరు అంటించి, ఇప్పుడే నేనే వెళ్ళి పోస్టులో వేస్తున్నాను.