ఊఁ కొట్టుట కునుకు కాదని మనవి

గౌరవనీయులైన కార్మిక అధికారి గారి సముఖమునకు,
పద్నాలుగో నంబరు సరుకు లారీ డ్రైవరు వ్రాసుకొను అర్జీ.

విషయం: లారీ అద్దం దగ్గర బిగించిన కెమెరాకు చెవులు ఉన్నవా లేవా తేల్చి చెప్పుట గురించి, మరియు నేను కొట్టిన ఊఁలను కునుకులుగా లెక్కగట్టిన మెమో రద్దు గురించి.

అయ్యా,

ఈ విషయమై మొన్న తమ ఆఫీసుకు స్వయముగా వచ్చితిని. తమ గుమాస్తా గారు "కూర్చుని నోటితో చెప్పు, నేను రాసుకుంటా" అని మర్యాదగానే అన్నారు. కాని వారి తల పైన గోడ మూల తెల్లటి గుండ్రటి బిళ్ళ ఒకటి ఎర్రగా మిణుకుతూ కనిపించింది. అదేమిటండీ అంటే "పొగ వస్తే మోగేది" అన్నారు. అయ్యుండవచ్చు. మా లారీలో కెమెరా బిగించిన రోజున కూడా "ఇది మీ మంచికే" అన్నారు. కావున మంచినీళ్ళు మాత్రం తాగి ఇంటికి వచ్చి, తలుపు వేసుకుని, కాగితం మీద వ్రాయుచున్నాను.

1. సదరు కెమెరాకు రెండు కళ్ళు. ఒకటి రోడ్డు వైపు, ఒకటి మా వైపు. రోడ్డు వైపు దానితో నాకు పేచీ లేదు. రోడ్డు అందరిదీ. మా వైపు దాని ఎదుట మేము రోజుకు పదకొండు గంటలు కూర్చొనవలెను. ముక్కు గోక్కున్నా, చొక్కా గుండీ విప్పినా, దారిలో ఇల్లు గుర్తొచ్చి కళ్ళు తుడుచుకున్నా, ఎక్కడో ఒక గదిలో ఎవరో చూస్తారు. ఎవరు చూస్తారో అడిగాను. "ఎవరూ చూడరు, మెషీనే చూస్తుంది" అని మా యార్డు సూపర్‌వైజరు గారు సెలవిచ్చారు. మరి నేను గుండీ విప్పిన సంగతి మెషీను వారికెందుకు చెప్పినట్లు?

2. మా లారీలో ఇద్దరం డ్రైవర్లం. రెండో ఆయన మా మామగారు, అనగా నా భార్య తండ్రి. డ్రైవరుకు శత్రువు రాత్రి అని జనం అనుకుంటారు. కాదు, మధ్యాహ్నం భోజనం చేసిన తర్వాత మూడు గంటల ఎండ. ఆ వేళకు మా మామ కథ చెబుతారు. స్టీరింగు పట్టినవాడు ఊఁ కొట్టాలి. వరసగా మూడు మాటలకు ఊఁ వినబడకపోతే ఆయన కథ ఆపేస్తారు, నేను లారీ ఆపేయాలి. దిగి మొహం కడుక్కుని, చక్రాలన్నీ ఒకసారి తట్టి చూసి, సీట్లు మార్చుకుంటాం. తొమ్మిదేళ్ళుగా ఇదే మా పద్ధతి. లారీకి గీత పడలేదు.

3. అయితే నా ఊఁ నోట్లో కంటే మెడలో ఎక్కువ ఉంటుంది. మా అమ్మకూ అంతే. ఊఁ అన్నప్పుడల్లా గడ్డం కిందికి దిగుతుంది. గడ్డం దిగితే సదరు మెషీను దానిని "కునుకు" అని వ్రాసుకుంటున్నది. పోయిన నెలలో నేను రెండువందల పద్నాలుగు కునుకులు తీసినట్లు మెమో వచ్చినది. అయ్యా, అన్నిసార్లు నిద్రపోయి కూడా సరుకు చెక్కుచెదరకుండా చేర్చినవాడికి సన్మానం చేయాలి గాని మెమో ఇస్తారా? ఇది మూడో మెమో. ఈ నెల ఇరవై ఆరున విచారణ. ఆ రోజున నన్ను స్టీరింగు మీద నుండి దింపి, యార్డులో గేటు తీసే పనికి వేస్తారని చెప్పుకుంటున్నారు.

4. ఇంతవరకు నా గోడు. ఇక అసలు సంగతి వ్రాయుటకు చెయ్యి రావడం లేదు.

పోయిన నెల చివర ఒక మధ్యాహ్నం మా మామకు కథలు అయిపోయినవి. తన సొంత సంగతి ఎత్తుకున్నారు. మా అత్తగారు ఒకప్పుడు ఇల్లు విడిచి రెండేళ్ళు రాలేదట. నా భార్యకు అప్పుడు నాలుగేళ్ళు. అమ్మమ్మకు బాగోలేక వాళ్ళమ్మ అక్కడ ఉండిపోయిందనే ఆమెకు ఈ రోజు వరకు తెలుసు. అసలు కారణం వేరు. అది ఇక్కడ వ్రాయను, తప్పు మాత్రం తనదేనని మామ ఒప్పుకున్నారు. ముప్పై ఏళ్ళు కడుపులో పెట్టుకున్న మాట. నేను ఊఁ కొడుతూనే ఉన్నాను. ఆ రోజు కొట్టిన ఊఁలు కూడా ఆ రెండువందల పద్నాలుగులో ఉన్నవి.

నాలుగు రోజుల తర్వాత, యార్డు గేటు దగ్గర ఏడుగురు నిలబడి ఉండగా, సూపర్‌వైజరు గారు మా మామ భుజం తట్టి, "ఏం పెద్దాయనా, రెండేళ్ళు చెయ్యి కాల్చుకున్నావంటగా? ఇప్పటికైనా పెద్దావిడ్ని కాస్త బాగా చూసుకో" అన్నారు. నలుగురు నవ్వారు. మామ కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని, నా వైపు చూశారు. సూపర్‌వైజరు వైపు కాదు, నా వైపు.

5. నేను అప్పుడే యార్డు ఆఫీసు మెట్లెక్కి, కెమెరా మాటలు కూడా వింటుందా అని అడిగితిని. నా ప్రశ్న పూర్తి కాకముందే సూపర్‌వైజరు గారు "లేదు లేదు, సౌండు లేదు" అన్నారు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్లుంది. వ్రాసిమ్మంటిని. సెలవు చీటీకి పది రోజులు తీసుకునే ఆఫీసు, మర్నాటికల్లా ముద్ర వేసి ఇచ్చినది: "సదరు పరికరమునందు ధ్వని నమోదు చేయు సదుపాయము లేదు."

ఆ ముద్రే నా కొంప ముంచినది. మా మామ ఆ కాగితం రెండుసార్లు చదివి, మడిచి నా చేతిలో పెట్టి, "దానికి చెవుల్లేవంట. మరి నాకు నోరెందుకు ఉందో" అని వెళ్ళిపోయారు.

మాట నాకంటే ముందే ఇల్లు చేరింది. నా భార్య నన్ను గుమ్మంలోనే నిలబెట్టింది.

"నాన్న ఆ మాట నీకొక్కడికే చెప్పాడంట. అవునా?"

"అవును. కానీ నేనెవరికీ చెప్పలా. కెమెరా విన్నది."

"కెమెరా వినదని నువ్వే కాగితం తెచ్చావుగా."

దీనికి జవాబు తమ దగ్గర ఉంటుందని ఈ అర్జీ వ్రాస్తున్నాను. ఆమె ఇంకా ఒక మాట అన్నది. "నా సంగతి గేటు దగ్గర వాళ్ళకి తెలిశాక నాకు తెలిసింది." ఆ మాట అంటూ ఏడ్చింది. నాకు సిగ్గేసింది, చేయని తప్పుకు.

6. ఆనాటి నుండి మామ లారీలో నోరు విప్పరు. డీజిల్ ఎంతుంది, ఎడమ పక్క బండి ఉంది, ఇంతే. కథ లేదు గనుక ఊఁ లేదు. ఊఁ లేదు గనుక ఈ నెల నా కునుకులు బాగా తగ్గినవని గేటు దగ్గరి బోర్డు మీద నా లారీ నంబరుకు ఎదురుగా ఆకుపచ్చ చుక్క పెట్టారు.

కావున నేను కోరుకునేది పెద్దది కాదు. తమరు ఆ పెట్టె తెప్పించి విప్పించి చూడవలెను. దానికి చెవి ఉన్నట్లయితే, నా ఊఁలు అందులో వినబడును, మెమో రద్దగును, మాట మోసినవాడిని నేను కానని తేలును. అయితే పోయిన నెల ఇరవై ఏడో తారీకు మధ్యాహ్నం రెండున్నర మొదలు నాలుగు వరకు మాత్రం తమరు వినకూడదు. వినకుండా చెరిపించవలెను. వినకుండా ఎలా తెలుస్తుందని తమరు అడగవచ్చు. అది నాకూ తెలియదు. చదువుకున్నవారు, తమకే తోచాలి.

ఈ అర్జీని ఎవరికీ చదివి వినిపించక, తమ గదిలో ఆ ఎర్ర దీపం కింద కాకుండా వేరే చోట కూర్చుని చిత్తగించవలెనని వేడుకొనుచు,

తమ విధేయుడు,
ఇప్పటివరకు డ్రైవరు.

తా.క.: కవరు అంటించిన తర్వాత మళ్ళీ విప్పి ఇది వ్రాస్తున్నాను. అబద్ధంతో అర్జీ పెడితే సూపర్‌వైజరుకూ నాకూ తేడా ఏముంది? ఆ ఆకుపచ్చ చుక్క వచ్చిన వారంలో నేను నిజంగానే నిద్రపోయాను. మధ్యాహ్నం మూడుంబావు, కళ్ళు తెరిచే, మెడ నిటారుగా. మెషీను కిక్కురుమనలేదు. ఎదురుగా చెరకు బండి వస్తుండగా మా మామ స్టీరింగు పట్టి పక్కకు లాగారు. నన్ను తిట్టలేదు. కొట్టినా బాగుండేది. లారీ మళ్ళీ కదిలాక ఆయన రోడ్డు పక్కన బోర్డులు పైకి చదవడం మొదలుపెట్టారు. టైర్ల కొట్టు. కంటి ఆసుపత్రి. ముందు మలుపు ఉంది, నెమ్మదిగా పోవలెను. అప్పటి నుంచి రోజూ అవే చదువుతున్నారు, ఎవరు విన్నా ఫరవాలేనివి. నేను ఊఁ కొడుతున్నాను. నిన్న నేను ఊఁ అనలేదని ఒక సిమెంటు బోర్డును మూడుసార్లు చదివారు. ఇంటి గుట్టు బయటపెట్టింది నేనేనని నమ్ముతూనే, నన్ను బతికించుకుంటున్నారు. ఇరవై ఆరున నన్ను దింపితే దింపండి. ఆయనకు మాత్రం, కెమెరాకు చెవి ఉందని, ముద్ర వేసి ఒక్క ముక్క పంపండి.