రాగి మీద బుడగలు

ఫిబ్రవరి 8, శనివారం

జంగ్లీఘాట్ నుంచి పడవ రాముడు వచ్చాడు. చేతిలో ఒక జింకు దిమ్మ. ఎలకలు కొరికిన బెల్లం అచ్చులా ఉంది. దీన్ని పడవ అడుగున, నీళ్లలో తిరిగి పడవను నడిపే కంచు పంకా పక్కన బిగిస్తారట. ఉప్పునీళ్లు పంకాను వదిలేసి దీన్ని తింటాయట. ఏడాది ఉండాల్సింది నాలుగు నెల్లకే అరిగిపోనాది మాస్టారూ, దీదీ నకిలీ మాల్ ఇచ్చీసింది, పిల్లలకి కెమిస్ట్రీ చెప్పినోరు కదా, మీరే తేల్చండి అన్నాడు.

ఏ దీదీ అని అడిగాను. హార్డ్‌వేర్ షాపు సుచరిత అన్నాడు.

వచ్చే ఆదివారం జాలర్ల సంఘం మీటింగ్ ఉంది. మీరు ఒక కాగితం రాసిస్తే ఒక్క పడవోడు కూడా ఆవిడ షాపు మెట్లెక్కడు అన్నాడు. రాసిస్తానన్నాను. ఇరవై ఎనిమిదేళ్లు ఆగాను నేను.

ఫిబ్రవరి 9

మర్చిపోయానేమోనని మళ్లీ రాస్తున్నాను. 1997, ప్లస్ టూ ప్రాక్టికల్స్. పలుచని యాసిడ్‌లో రాగి మీద బుడగలు వచ్చాయని సుచరిత రికార్డులో రాసింది. రావు. నా పుస్తకాలన్నీ అదే చెబుతాయి. ఎర్రసిరాతో కొట్టేసి సున్నా వేశాను. ఒక్కసారి వచ్చి చూడండి సార్ అని బతిమాలింది. అబద్ధాన్ని చూడ్డానికి కూడా రావాలా అన్నాను. క్లాసంతా నవ్వింది.

రెండు మార్కుల తేడాతో ఆమెకు ఈ దీవులు దాటి మెయిన్‌లాండ్‌లో మెడికల్ సీటు పోయింది. వాళ్ల నాన్న యుగంధర్ ఆఫీసుల చుట్టూ తిరిగి నన్ను ఫెరార్‌గంజ్‌కు ట్రాన్స్‌ఫర్ చేయించాడు. ఆరేళ్లు బస్సులో కోళ్లగంపల మధ్య కూర్చుని వెళ్లాను. ఒక్క మేష్టరూ నా పక్షాన మాట్లాడలేదు. అప్పటి ప్రిన్సిపాల్ పోతే చూడ్డానికి కూడా నేను వెళ్లలేదు.

ఫిబ్రవరి 10

గరాచర్మ బజారులో బాత్రూం యాసిడ్ కొన్నాను. వరండాలో నాలుగు గాజుగ్లాసులు పెట్టాను. రేపు వాటిలో టీ పోస్తే ఎవరు తాగుతారట, మామగారు తాగుతారా అని కోడలు వాసవి వంటింట్లోంచే అడిగింది.

ఇనుప మేకు: సన్నని బుడగలు, ప్రభుత్వోద్యోగిలా తీరిగ్గా. సత్తుగిన్నె మూత ముక్క, అంటే అల్యూమినియం: పది నిమిషాలు చలనం లేదు. పైపొర కరిగాక ఒక్కసారిగా పొంగింది, గ్లాసు ముట్టుకోలేనంత వేడెక్కింది. రాగి తీగ: ఏమీ లేదు. చూశావా సుచరితా అని పైకే అన్నాను.

చివరికి దిమ్మలోంచి కోసిన ముక్క. వేయగానే బుస్సుమంది. అసలైన జింకే.

నిరాశగా ఉంది. కానీ కల్తీ కొంచెమైనా లేదని ఎలా చెప్పగలం? 'అనుమానాస్పదం' అని రాశాను. ఆ మాట అబద్ధం కాదు.

ఫిబ్రవరి 11

కాగితం రాముడికి ఇచ్చాను. మధ్యాహ్నం హాయిగా నిద్రపట్టింది.

ఫిబ్రవరి 13, ఉదయం 11

రాముడు రెండు సూర చేపలు తెచ్చి ఇచ్చాడు. గ్లాసులు చూసి, ఇదేటి మాస్టారూ, పడవకి ఈ దిమ్మ ఒక్కటే ఉండదు కదా, పంకాకి తగిలి ఉంటాది, అలాగ పెట్టి చూసేరా అన్నాడు. చూడలేదు.

అతను వెళ్లాక జింకు ముక్కకు రాగి తీగ చుట్టి యాసిడ్‌లో దించాను.

బుడగలు రాగి మీద వచ్చాయి.

తీగ పొడవునా వచ్చాయి. కళ్లద్దాలు తుడుచుకున్నాను. అప్పటికీ వస్తూనే ఉన్నాయి. ఆ రోజు ఆ పిల్ల రాగి ముక్కనీ జింకు ముక్కనీ ఒకే బీకరులో వేసి ఉంటుంది. అవి ఒకదానికొకటి తగిలి ఉంటాయి. ఆరడుగుల దూరంలో ఉన్నాను నేను.

అదే రోజు, సాయంత్రం 5

తీగ బయటకు తీశాను. ఎక్కడా అరగలేదు, కొత్త తీగలా మెరుస్తోంది. జింకు మాత్రం గుంటలు పడింది. బుడగలు రాగి మీద, అరుగుదల జింకుకు. రాముడికి ఫోన్ చేసి అడిగాను, నిరుడు పెద్ద పంకా వేయించాడట. కంచు ఎక్కువైన కొద్దీ జింకు త్వరగా కరుగుతుంది. దిమ్మ తన పని తాను చేసింది.

పాత పుస్తకం వెతికాను. బొమ్మ కింద చిన్న అక్షరాల్లో ఈ సంగతి అంతా ఉంది. ఆ వాక్యం కింద పెన్సిల్ గీత. గీసింది నేనే.

ఫిబ్రవరి 14

రాముణ్ణి కాగితం వెనక్కి ఇమ్మన్నాను. సంఘం సెక్రటరీ పోలిరాజు దాన్ని ఫోటో తీసి గ్రూపులో పెట్టేశాడట. మీరే రాసి మీరే ఒద్దంటే ఎలాగ మాస్టారూ, సంఘం ముందు నా ఇజ్జత్ ఏటవ్వాలి అని రాముడు విసుక్కున్నాడు. రెండు రోజుల నుంచి ఆ షాపుకు ఎవరూ వెళ్లడం లేదట.

ఫిబ్రవరి 16, ఆదివారం

గ్లాసు, తీగ, జింకు, సీసా సంచిలో పెట్టుకుని మీటింగుకు వెళ్లాను. అందరి ముందూ చేసి చూపించాను. మాకు బుడగలొద్దు మాస్టారూ, దీదీ తప్పుందా లేదా, అది సెప్పండి అన్నాడు పోలిరాజు. లేదన్నాను. జింకు అసలైనదని తెలిసే 'అనుమానాస్పదం' అని రాశానన్నాను. 1997 సంగతి కూడా చెప్పాను. వెనకవాళ్లు వినబడలేదు, గట్టిగా చెప్పమన్నారు, మళ్లీ మొదటి నుంచి చెప్పాల్సి వచ్చింది.

అప్పుడు క్లాసులో నవ్వినవాళ్లు ఇద్దరు అక్కడే ఉన్నారు. ఇప్పుడు నవ్వలేదు.

సుచరిత గుమ్మంలో నిలబడి విన్నది. తల నెరిసింది. ముందుకు వచ్చి గ్లాసు మీదికి వంగి చాలాసేపు చూసింది. తర్వాత వెళ్లిపోయింది.

సోమవారం

షాపుకు వెళ్లాను. గల్లా కింద నుంచి చెదలు తిన్న రికార్డు తీసి, ఆ పేజీ తెరిచి నా ముందు పెట్టింది. సున్నా కొట్టేసి పది వేశాను. సంతకం చేశాను.

తేదీ వేయండి సార్ అంది.

ఏ తేదీ, అప్పటిదా ఇవాళ్టిదా అని అడిగాను. ఆమె అప్పటికే ఎవరికో మేకులు తూస్తోంది.