హెచ్చు పాట

అన్నయ్యా,

నువ్వడిగిన ఆపరేషన్ సంగతి రాస్తున్నాను. యూనివర్సిటీ జట్లకు విరాళాలు పోగుచేసే విందుకు కోచ్ నన్నూ రమ్మన్నారు. "చంకకర్రలతో రా. నీ మోకాలు చూస్తే ఎవరికైనా మనసు కరగాల్సిందే" అన్నారు. నన్ను వేదికమీద నిలబెట్టి, నేను పడిపోయిన రోజు వేసుకున్న జెర్సీని వేలం వేశారు. ఒక కాంట్రాక్టరు హెచ్చు పాట పాడి, అక్కడే ఆ జెర్సీతో మూతి తుడుచుకున్నాడు. హాలంతా పగలబడి నవ్వింది. పోనీలే, కాలు బాగవుతుంది కదా అని నేనూ పళ్ళికిలించాను.

కిందికి దిగాక ఆపరేషన్ ఎప్పుడని కోచ్‌ని అడిగాను.

"ఆ డబ్బు జట్టుదిరా. నువ్విప్పుడు జట్టులో లేవుగా?" అన్నారు.

అమ్మతో మాత్రం ఆపరేషన్ బాగా జరిగిందనే చెప్పు. ఎప్పుడొస్తాడని అడిగితే, ఆటలో పడి మనల్ని మర్చిపోయాడని తిట్టు.

నీ తమ్ముడు