శనివారపు పొయ్యి

ఫిబ్రవరి 4, మంగళవారం

నా తెలుగు పేలవమైనది. ముందే క్షమాపణ చెప్పుకుంటున్నాను. ఈ పరదేశంలో ఇరవై ఆరేళ్లుగా ఈ భాషను ఫోనులో మాట్లాడానే గాని రాయలేదు. అయినా ఆఫీసు రిపోర్టులో పట్టని సంగతులు ఎక్కడో ఒకచోట ఉండాలి.

ఐలీ కంగాస్ గారి ఇల్లు నేడు పూర్తయింది. ఎనభై ఒక్క ఏళ్ల ఫిన్నిష్ ఆవిడ, ఒంటరి. పాత ఇళ్లలోకి చలిగాలి చొరబడకుండా ప్రభుత్వం తరఫున బిగించడం మా ప్రోగ్రాం పని. వీధి తలుపుకు ఫ్యాను అమర్చి, ఇంట్లోకి ఎంత గాలి కారుతోందో పరీక్షించాను. గాలి కారడం అరవై శాతం తగ్గింది. మా కౌంటీలో ఇంతవరకు ఎవరికీ రాని అంకె. రాత్రి కాలేజీలో చదివి నలభై మూడో ఏట ఇంజనీరునైనవాడికి అది ఊరికే రాలేదు.

ఒక్క వివాదం. నేలమాళిగలో సౌనా ఉంది, అంటే కట్టెల పొయ్యితో కాచే ఆవిరిస్నానపు గది. పొయ్యి వెనుక గోడకు పిడికిలంత కన్నం. బయటి మంచుగాలి నేరుగా లోపలికే. దాన్ని వదిలేయమని మా మేస్త్రీ రైనో లాహ్టీ అన్నాడు. కారణం అడిగితే, వాళ్ల తాత కూడా వదిలేసేవాడట. అది కారణం కాదని చెప్పి, ఉబ్బి గట్టిపడే ఫోమ్ కొట్టించి మూయించాను.

ఫిబ్రవరి 10

ఐలీ గారు ఫోన్ చేశారు. శనివారం ఆవిరి చచ్చిపోయిందట. తలనొప్పి కూడా వచ్చిందట. వేడి తగ్గిందా? లేదు. తేమ? అదీ లేదు. చచ్చిన ఆవిరికీ బతికిన ఆవిరికీ భేదమేమిటో నేను ఏ పాఠంలోనూ చదవలేదు.

ఫిబ్రవరి 11

కాలేజీ పుస్తకాలన్నీ తిరగేశాను. లేదు.

ఫిబ్రవరి 13

రైనోను అడిగాను. శనివారం వెళ్లి కూర్చుంటే తెలుస్తుందన్నాడు. వెళతాను. వేడినీ తేమనూ విషవాయువునూ కొలిచే మీటర్లు మూడూ తీసుకువెళతాను.

ఫిబ్రవరి 15, శనివారం, సాయంత్రం 6

టై విప్పమని ఐలీ గారు రెండుసార్లు చెప్పారు. విప్పలేదు; మీటర్లతో బయట బట్టలు మార్చుకునే గదిలోనే కూర్చున్నాను. ఆమె లోపల పొయ్యి మీది రాళ్లపై నీళ్లు చల్లారు. నా పక్కన పెట్టిన విషవాయువు మీటరు కూయసాగింది. నలభై. డెబ్బై. లోపల ఆమె బల్ల అంచు పట్టుకుని తూలుతున్నారు. చెయ్యి పట్టుకుని బయటికి తీసుకువచ్చి, దుప్పటి కప్పి మెట్ల మీద కూర్చోబెట్టి, అంబులెన్సుకు ఫోన్ చేశాను. అది వచ్చేలోగా ఆమె నెమ్మదిగా అన్నారు: "పొయ్యి ముక్కు నువ్వే మూసేసి, ఆవిరెందుకు చచ్చిందని మీటర్లని అడుగుతావేంటి నాయనా?"

ప్రమాదం తప్పిందని అంబులెన్సు వాళ్లు చెప్పారు.

అదే రోజు, 7

ఫోన్ చేస్తే రైనో వచ్చి, కత్తితో ఫోమ్ కోసి తీశాడు. గాలి లోపలికి దూసుకొచ్చింది. ఇన్నాళ్లూ గాలందక విషవాయువు కక్కిన పొయ్యిలో మంట నిటారుగా లేచింది. మా తనిఖీ ఫారంలో ఇల్లు కాచే ఫర్నేసుకు గడి ఉంది, నీళ్ల హీటరుకు ఉంది. సౌనా స్నానపు గది కనుక గడి లేదు. పైగా నేను పరీక్షించింది మంగళవారం. ఇక్కడివారు పొయ్యి వెలిగించేది శనివారం.

"ఫారంలో గడి లేకపోతే పొయ్యికి ఊపిరే అక్కర్లేదా, ఇంజనీరు గారూ?" అన్నాడు రైనో.

ఈ చలికాలం మరో రెండిళ్లలో కూడా ఇటువంటి కన్నాలు మూయించాను. ఈవేళ శనివారం. నేను ఆ ఇళ్లకు ఫోన్లు చేస్తున్నాను. రైనో ట్రక్కు స్టార్ట్ చేశాడు.

ఫిబ్రవరి 16

ఆ రెండు కన్నాలూ తెరిచాం. అందరూ క్షేమం. రిపోర్టులో నా అరవై శాతం అంకెను నేనే కొట్టివేసి, తప్పు నాదేనని సంతకం చేశాను.

ఈ డైరీని తరువాత చదవవలసింది రైనో. అతనికి తెలుగు రాదు. మా అమ్మాయి ఇంగ్లీషులో వినిపించాలి. అతను నవ్వితే ఆపకూడదు. ఆ తరువాత, ఆఫీసులో నా కుర్చీలోకి ఎవరు వస్తే వారు. శనివారం చదవాలి, పొయ్యి వెలిగించక ముందు.